హిమపథ సారథి సెప్పాలా

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మిక్కిలి ఉత్తరాన ఉన్న రాష్ట్రం అలాస్కా. వేసవిలో పిల్లాపాపలతో అక్కడికి విహారయాత్రకు వెళ్ళే కుటుంబాలు రెండు వినోదాలను ఎక్కువగా ఇష్టపడతాయి. మొదటిది కుక్కలు లాగే బండిమీద షికారు. మంచు కరిగిన రోజులలో ఆ బండికి చక్రాలు అమర్చుతారు. రెండవది వాగు ఒడ్డున కూర్చుండి పళ్ళెంలో ఇసుక గాలించి బంగారు రేణువులను ఏరుకోవడం. దొరికిన నాలుగు పసిడి నలుసులనూ పిల్లలు అపురూపంగా దాచుకొంటారు. సుమారు నూట పాతికేళ్ళ క్రితం ఇవి అక్కడ వినోదాలు కావు, బ్రతుకుతెరువులు. బంగారం కోసం మనుషులు ఆ మంచునేలకు పరుగెత్తారు. వెళ్ళినవారికి తిండిగింజలు మోసింది, ఉత్తరాలు తెచ్చింది, రోగం వస్తే మందు చేరవేసింది కుక్కలే. ఒక చేత పార, మరొక చేత మంచుబండి పట్టి ఆ కాలంలో పేరు గడించినవాడు లియొనార్డ్ సెప్పాలా.

సెప్పాలా 1877 సెప్టెంబరు 14న నార్వే దేశపు ఉత్తరకొసన స్కీబొట్న్ అనే పల్లెలో జన్మించాడు. అతని పూర్వికులు ఫిన్లాండు ప్రాంతం నుండి వలస వచ్చిన క్వెన్ జాతివారు. తండ్రి కమ్మరి, చేపలు పట్టడం కూడ అతని జీవనోపాధియే. ఫిన్నిష్ భాషలో సెప్ప అనగా కమ్మరి, సెప్పాలా అనగా కమ్మరి నివాసం. లియొనార్డ్ రెండేళ్ళ పసివాడుగా ఉన్నప్పుడు కుటుంబం షెర్వోయ్ అనే దీవికి తరలింది. శీతకాలంలో ఆ ప్రాంతంలో వారాల తరబడి సూర్యుడు ఉదయించడు. ఆ చీకటిలోనే పడవలెక్కి చేపలవేటకు వెళ్ళడం, వచ్చి కొలిమి ముందు సమ్మెట పట్టడం అతడు చిన్ననాటనే నేర్చుకొన్నాడు. చలికీ చీకటికీ జంకని ఆ శరీరం అతనికి పుట్టిననేల ఇచ్చిన ఆస్తి. మనిషి పొట్టివాడు, కాని ఒంటిసత్తువ అపారం.

యఫేట్ లిండెబర్గ్ అనే నార్వే యువకుడు సెప్పాలాకు మిత్రుడు. అతడు 1898 సెప్టెంబరులో మరి ఇద్దరితో కలిసి అలాస్కా పశ్చిమ తీరంలో యాన్విల్ క్రీక్ అనే వాగులో బంగారం కనుగొన్నాడు. ఆ ముగ్గురికీ ముగ్గురు అదృష్టవంతులైన స్వీడన్‌వారు అని లోకం పేరు పెట్టింది. వారిలో లిండెబర్గ్ స్వీడన్‌వాడు కానేకాడన్న సంగతిని ఎవ్వరూ పట్టించుకోలేదు. బంగారం దొరికినవాని ఊరుపేరు అడిగే తీరిక ఎవరికుంటుంది? ఆ వాగు చెంతనే నోమ్ పట్టణం వెలసింది. మరుసటి సంవత్సరం నోమ్ సముద్రతీరపు ఇసుకలోనే బంగారు రేణువులు ఉన్నాయని తేలడంతో జనం వేలంవెర్రిగా వచ్చిపడ్డారు. 1900 నాటికి, ముందు ఏమీ లేని ఆ తీరాన పన్నెండు వేలకు పైగా జనాభా లెక్కకు వచ్చింది. ఆ ఏడే లిండెబర్గ్ ప్రోత్సాహంతో సెప్పాలా కూడ కొలిమిని విడిచి నోమ్ చేరాడు. యాన్విల్ అనగా కమ్మరి దాకలి. దగ్గరి కొండమీద దాకలి ఆకారంలో ఒక రాయి ఉన్నందున వాగుకు ఆ పేరు వచ్చింది. ఇంటిపేరు కమ్మరిది, బ్రతుకుతెరువు వెదుక్కొన్న చోటు దాకలి వాగు. యాదృచ్ఛికమే అయినా చక్కని పొత్తు.

అక్కడి బంగారం కోలారు గనులలో వలె భూగర్భంలో రాతిపొరల నడుమ చిక్కుకొన్నది కాదు. కొండలు యుగాల తరబడి అరిగిపోగా, నీటితో కొట్టుకువచ్చి వాగుల అడుగున కంకరలో నిలిచినది. దానిని వేరుచేసే పద్ధతి మన వంటయింటి స్త్రీలు బియ్యం గాలించే పద్ధతి వంటిదే. వెడల్పాటి పళ్ళెంలో ఇసుక, నీరు పోసి గుండ్రంగా త్రిప్పుతారు. బంగారం నీటికంటె పందొమ్మిది రెట్లు బరువైనది. ఇసుక రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ. తేలిక ఇసుక నీటితో పాటు అంచు దాటి పోతుంది, బరువైన పసిడి అడుగున నిలుస్తుంది. బియ్యంలో రాయి అడుగున మిగిలితే పారవేస్తాం, ఇక్కడ అడుగున మిగిలినదే ధనం. పెద్దయెత్తున చేసేవారు పళ్ళేలకు బదులు అడుగున అడ్డుపట్టీలున్న పొడుగాటి చెక్కతొట్లలో నీరు పారించేవారు. వాటిలోకి రోజంతా కంకర ఎత్తిపోయడం నడుములు విరిగే పని. గడ్డకట్టిన నేలను ముందుగా ఆవిరితో కరిగించవలసి వచ్చేది. సెప్పాలా లిండెబర్గ్ గనుల సంస్థలో ఇట్టి కష్టమే చేశాడు. పసిడి మిత్రుణ్ణి కోటీశ్వరుణ్ణి చేసింది, సెప్పాలాకు దినవెచ్చం మాత్రమే ఇచ్చింది. అయితే మొదటి శీతకాలంలోనే ఆ సంస్థవారు అతనికి మరొక పని అప్పగించారు. అది కుక్కల బండి తోలడం.

మంచుబండికి చక్రాలుండవు. అడుగున నునుపైన రెండు పొడుగాటి బద్దలుంటాయి. జతలు జతలుగా కట్టిన కుక్కలు ఒకే మోకును లాగుతాయి. అన్నిటికంటె ముందు నడిచేది నాయక శునకం. ఈ బండి తోలడంలో విశేషమేమంటే సారథి చేతిలో పగ్గాలుండవు. వెనుక బద్దలమీద నిలబడి కుడి, ఎడమ అని కేక వేస్తాడు, అంతే. నాయక శునకం ఆ మాటను విని దారి మళ్ళుతుంది, మిగిలినవి దానిని అనుసరిస్తాయి. తుపానులో సారథికి తన చేయి తనకు కనిపించనప్పుడు బాట వెదికేదీ, మంచుగడ్డ క్రింద నీటి వాసన పసిగట్టి ఆగిపోయేదీ అదే. కనుక మంచి సారథి కుక్కను శాసించినంతగా కుక్క చెప్పినది వింటాడు కూడ. సెప్పాలాకు ఈ విద్య సహజంగా అబ్బింది. ఎత్తుమిట్టలు వస్తే దిగి కుక్కలతో పాటు పరుగెత్తేవాడు. కొరడాతో పని చేయించేవాడు కాదు. వేసవిలో మంచు కరిగిన పిమ్మట, గనులకోసం వేసి వదలివేసిన చిన్న రైలు పట్టాలమీద చక్రాల బండి పెట్టి కుక్కలచేత లాగించేవాడు.

1913లో లిండెబర్గ్ సైబీరియా జాతి కుక్కపిల్లలను కొన్నింటిని తెప్పించాడు. బేరింగ్ జలసంధికి ఆవల చుక్చీ జాతివారు తరతరాలుగా పెంచుతూ వచ్చిన వేగవంతమైన కుక్కలవి. వాటిని ధ్రువాన్వేషకుడు రోఆల్ అముండ్‌సెన్‌కు బహూకరించాలని అతని సంకల్పం. అముండ్‌సెన్ యాత్ర ఆగిపోగా ఆ కుక్కలు సెప్పాలా పాలయ్యాయి. అలాస్కాలో అప్పటికి వాడుకలో ఉన్నవి భారీ దేహం గల కుక్కలు. వీటిని చూసి జనం నవ్వుకొన్నారు. 1914లో సెప్పాలా వాటితో నోమ్ నుండి క్యాండిల్ వరకు పోయి తిరిగివచ్చే 408 మైళ్ళ పందెంలో పాల్గొన్నాడు. ప్రయాణమధ్యంలో తుపాను కమ్మింది. దారితప్పిన బండి సముద్రానికి ఎదురుగా ఉన్న కొండచరియ అంచుకు పోయింది. క్షణం ఆలస్యమైతే కుక్కలతో సహా అగాధంలో పడవలసినవాడు ఎట్లో ఆపగలిగాడు. కుక్కల పాదాలు చీలి నెత్తురు కారుతుండగా పందెం విరమించి వెనుదిరిగాడు. గెలుపుకోసం ఆ మూగజీవాలను ఇంకా తరిమి ఉంటే అతనిని తప్పుపట్టేవారు ఆనాడు ఎవ్వరూ లేరు. అతడు తరమలేదు. తరువాత 1915, 1916, 1917 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు ఆ పందెం గెలిచాడు. వాటిని చూసి నవ్వినవారు ఇక నవ్వలేదు.

సెప్పాలా కథలో సగం టోగో కథ. 1913లో అతని ఇంట పుట్టిన ఈ కుక్కపిల్లకు రష్యా–జపాన్ యుద్ధంలో విజయం సాధించిన జపాన్ నౌకాధిపతి టోగో పేరు పెట్టారు. పేరు ఘనమైనది, ప్రాణి మాత్రం బక్కచిక్కినది. పుట్టిన కొన్నాళ్ళకే జబ్బుపడింది. సెప్పాలా భార్య కాన్‌స్టన్స్ పసిబిడ్డకు వలె సేవచేసి దానిని బ్రతికించింది. బ్రతికిన పిమ్మట అల్లరి మొదలుపెట్టింది. దొడ్డి కంచె దాటి పారిపోవడం, ఎదురువచ్చే బండ్ల కుక్కలమీద పడడం దాని నిత్యకృత్యాలు. ఇది బండికి పనికిరాదని నిశ్చయించి, ఆరు నెలల వయస్సులో సెప్పాలా దానిని ఇంటిలో ముద్దుగా పెంచుకొనేందుకు వేరొకరికి ఇచ్చివేశాడు. టోగో అక్కడ కొన్ని వారాలు మాత్రమే ఉంది. మూసియున్న కిటికీ అద్దాన్ని పగులగొట్టుకొని దూకి, మైళ్ళకొద్దీ పరుగెత్తి పాత యజమాని ఇంటికే వచ్చింది. ఆ తరువాత దానిని ఎవ్వరికీ ఇవ్వడానికి సెప్పాలాకు మనసొప్పలేదు.

దాని ఎనిమిదవ నెలలో ఒక సంఘటన జరిగింది. ఎక్కడో క్రొత్తగా బంగారం పడిందని తెలిసి ఒక వ్యక్తి తనను అక్కడికి వేగంగా చేర్చుమని సెప్పాలాను కుదుర్చుకొన్నాడు. ఇతరులకంటె ముందు చేరితేనే ఆ నేలమీద హక్కు దక్కుతుంది. తొందర ప్రయాణంలో టోగో అల్లరి అడ్డమని దానిని కట్టివేసి వెళ్ళారు. అది కట్టు త్రెంచుకొని, కంచె దూకి, కాలికి గాయమైనా వెంటబడి వచ్చింది. మరునాడు దారిలో దుప్పిజాతి రెయిన్‌డీర్‌లను తరుముతూ బండిని బాట తప్పించసాగింది. విసిగిన సెప్పాలా వేరే ఉపాయం లేక దానికీ పట్టీలు తొడిగి మోకుకు కట్టాడు. కట్టిన క్షణం నుండి టోగో అల్లరి మాయమైంది. తల వంచి లాగడం మొదలుపెట్టింది. సెప్పాలా ఆశ్చర్యపడి దానిని ఒక్కొక్క జత ముందుకు మార్చుతూ పోయాడు. ప్రొద్దు క్రుంకే వేళకు అది నాయక శునకం ప్రక్కన నడుస్తున్నది. ఆనాడు నడిచిన దూరం 75 మైళ్ళు. ముక్కుపచ్చలారని కుక్కపిల్ల మొదటిరోజున అంత దూరం లాగడం ఆ విద్యలో పండిపోయినవారు కూడ విని ఎరుగరు. దాని అల్లరి అంతా పని దొరకక చేసిన అల్లరి అని యజమానికి అప్పుడు బోధపడింది. సెప్పాలా జీవితంలో గాలించి పారబోసిన ఇసుకలో నుండి తిరిగి చేతికి వచ్చిన బంగారం ఇదొక్కటే అని చెప్పవచ్చు. పూర్తిగా ఎదిగిన పిదప కూడ టోగో బరువు ఇరవైరెండు కిలోలకు మించలేదు. తరువాత ఏళ్ళ తరబడి సెప్పాలా బండికి అదే నాయకత్వం వహించింది.

1925 జనవరిలో నోమ్ పట్టణానికి ఆపద వచ్చింది. పసిడి వేట చల్లారి అప్పటికి అక్కడ పద్నాలుగు వందల మంది మాత్రమే మిగిలారు. ఊరంతటికీ ఒక్కడే వైద్యుడు, కర్టిస్ వెల్ష్. గొంతునొప్పితో వచ్చిన పిల్లలు వరుసగా చనిపోసాగారు. అది డిఫ్తీరియా, మన పెద్దలు కంఠసర్పి అని పిలిచే వ్యాధి. గొంతులో తెల్లని పొర ఒకటి అల్లుకొని ఊపిరిని ఆపివేస్తుంది, దాని విషం గుండెను దెబ్బతీస్తుంది. నేడు పసిబిడ్డలకు వేసే టీకాల వలన మనలో పెక్కుమంది దానిని చూడనైనా చూడలేదు. ఆనాడు దానికి మందు గుర్రాల నెత్తురు నుండి తయారుచేసే సీరం ఒక్కటే. వెల్ష్ వద్ద ఉన్న కొద్ది సీరం కాలం చెల్లినది. క్రొత్తది పంపుమని ముందే కోరాడు కాని, అది రాకముందే సముద్రం గడ్డకట్టి ఓడలు ఆగిపోయాయి. ఏడేళ్ళ క్రితం ఇన్‌ఫ్లుయెంజా ఆ ప్రాంతపు ఆదివాసులలో దాదాపు సగం మందిని పొట్టనబెట్టుకొన్నది. ఆ జ్ఞాపకం ఇంకా మాయలేదు. సెప్పాలాకు ఒక్కతే కుమార్తె, ఎనిమిదేళ్ళ సిగ్రిడ్. ఆ పిల్ల కూడ ఆ ఊరిలోనే ఉన్నది.

వెల్ష్ పంపిన తంతివార్తల ఫలితంగా ఆంకరేజ్ నగరపు ఆసుపత్రిలో మూడు లక్షల యూనిట్ల సీరం దొరికింది. అది ముప్పైమందికి సరిపోతుంది. రైలుమార్గం నెనానా వరకే ఉంది. అక్కడి నుండి నోమ్‌కు 674 మైళ్ళ మంచుబాట. టపా బండ్లకు సాధారణంగా సుమారు ఇరవై అయిదు రోజులు పట్టే దారి. విమానంలో పంపాలని కొందరు వాదించారు. కాని అలాస్కాలో ఉన్న కొద్దిపాటి విమానాలు పైకప్పు లేనివి, చలికాలమని విప్పి మూలబెట్టినవి. చివరకు కుక్కలనే నమ్ముకొన్నారు. నెనానా నుండి ఒక బండి, నోమ్ నుండి సెప్పాలా బండి బయలుదేరి నడుమ నులాటో వద్ద కలియాలని తొలి ఆలోచన. సెప్పాలా ఇరవై కుక్కలతో, పన్నెండేళ్ళ వృద్ధ శునకం టోగోను ముందు కట్టి, తూర్పుగా ప్రయాణమయ్యాడు. కన్నబిడ్డ ఉన్న ఊరిని రోగానికి వదలి పోతున్న తండ్రి మనఃస్థితి ఊహించవలసినదే.

అతడు వెళ్ళిన తరువాత పాలకుల ఆలోచన మారింది. రోగులు పెరుగుతున్నారు. వేగం చాలదు. పూర్వం మన రాజులు అంచెలంచెలుగా గుర్రాలను నిలిపి టపా నడిపినట్లు, దారి పొడుగునా అంచెలు ఏర్పరచారు. మొత్తం ఇరవైమంది సారథులు, సుమారు నూటయాభై కుక్కలు. ఆ సారథులలో పెక్కుమంది అలాస్కా ఆదివాసులు. ఉన్నిదుప్పట్లతో చుట్టిన తొమ్మిది కిలోల మూట చేతులు మారుతూ రాత్రింబవళ్ళు పయనించింది. ఆ దారిలో మొదటి సారథి షానన్ ముఖం మంచుకు నల్లబడిపోయింది, అతని కుక్కలు కొన్ని మరణించాయి. చార్లీ ఎవాన్స్ అనే ఆదివాసి సారథి, ముందరి కుక్కలు రెండూ కూలిపోగా, తానే వాటి స్థానంలో నిలిచి బండి లాగాడు. చరిత్రలో వీరి పేర్లు చిన్న అక్షరాలలోనే మిగిలాయి.

ఈ మార్పు సెప్పాలాకు తెలిపే సాధనం లేదు. సీరం ఇంకా నూరు మైళ్ళకు పైగా దూరాన ఉన్నదనుకొంటూ అతడు నూటడెబ్బై మైళ్ళు వచ్చాడు. జనవరి 31న షాక్టూలిక్ గ్రామం వెలుపల ఎదురుగా ఒక బండి ఆగి ఉన్నది. హెన్రీ ఐవనాఫ్ అనే సారథి, రెయిన్‌డీర్‌ను చూసి చిక్కుపడిన తన కుక్కలను విడదీస్తున్నాడు. దానిని పట్టించుకోక సెప్పాలా దాటిపోతున్నాడు. ఐవనాఫ్ గొంతెత్తి పిలిచి, మందు తనవద్దనే ఉన్నదని తెలిపాడు. గాలిహోరులో ఆ కేక వినబడకపోయి ఉంటే సెప్పాలా ఎంత దూరం వృథాగా పోయేవాడో!

ఇప్పుడు తిరుగుదారి. నార్టన్ సౌండ్ అనే సముద్రపు పాయ అడ్డంగా ఉన్నది. ఒడ్డు వెంబడి పోతే క్షేమం, కాని చుట్టు. గడ్డకట్టిన సముద్రంమీదుగా అడ్డంగా పోతే దగ్గర, కాని గాలికి గడ్డలు విడిపోయి సముద్రంలోకి కొట్టుకుపోయే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం సెప్పాలా ఎరుగనిది కాదు. ఒకసారి అట్లే తేలిపోతున్న మంచుగడ్డమీద చిక్కుకొన్నప్పుడు, టోగోను త్రాడుతో ఆవలి గడ్డమీదికి విసరగా, త్రాడు తెగిపోయిందనీ, టోగో నీటిలో నుండి త్రాటిని నోట కరచి, భుజాలకు చుట్టుకొని గడ్డను లాగిందనీ అతడు తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. ఎండ లేదు, చీకటి పడుతున్నది. ఎదురుగాలితో కలిసిన చలి మైనస్ 65 డిగ్రీల సెల్సియస్‌తో సమానం. సెప్పాలా దగ్గరి దారినే ఎంచుకొన్నాడు. ఏమీ కనబడని ఆ చీకటిలో టోగో ఒక్కటే బాట పసిగడుతూ నడిపింది. రాత్రి ఎనిమిది గంటలకు ఆవలి ఒడ్డున ఉన్న బసకు చేరారు. ఆ ఒక్కరోజున నడిచినది 84 మైళ్ళు.

కుక్కలకు ఆహారమిచ్చి, కాసేపు విశ్రమించి, అర్ధరాత్రి దాటాక రెండు గంటలకు మరల బయలుదేరాడు. తుపాను ఉద్ధృతమైంది. తీరం వెంబడి వారు సాగిన మంచు కాళ్ళ క్రిందనే పగుళ్ళు తీయసాగింది. పిదప కొండలు. లిటిల్ మెకిన్లీ గుట్టల ఎగుడుదిగుళ్ళను దాటి ఫిబ్రవరి 1 మధ్యాహ్నం మూడు గంటలకు గొలొవిన్ చేరి, మందుమూటను తరువాతి సారథి చార్లీ ఓల్సన్‌కు అప్పగించాడు. సీరంతో సెప్పాలా నడిచినది 91 మైళ్ళు. ఇతర సారథులలో ఎవ్వరూ 53 మైళ్ళకు మించి నడవలేదు. ఎదురుగా వచ్చిన దూరం కూడ కలిపితే అతని ప్రయాణం 260 మైళ్ళు. ఓల్సన్ నుండి గన్నర్ కాసెన్ అనే సారథి మందును అందుకొని ఫిబ్రవరి 2 తెల్లవారుజామున అయిదున్నరకు నోమ్ చేర్చాడు. నెనానా నుండి పట్టినది అయిదున్నర రోజులు. మూట గడ్డకట్టినా సీరం చెడలేదు. సిగ్రిడ్ సహా ఊరి పిల్లలు బ్రతికారు. లెక్కలోకి వచ్చిన మరణాలు ఏడుకు మించలేదు. ఊరి వెలుపల ఆదివాసుల గుడారాలలో ఎందరు పోయారో ఎవ్వరూ సరిగా లెక్కించలేదు.

కాసెన్ బండికి ముందు నడిచిన కుక్క బాల్టో. గమ్యం చేరిన బండి అదే కనుక పత్రికలు బాల్టో పేరునే మారుమ్రోగించాయి. ఆ ఏడాది డిసెంబరులోనే న్యూయార్క్ సెంట్రల్ పార్కులో దానికి కంచువిగ్రహం వెలసింది. విచిత్రమేమంటే బాల్టో కూడ సెప్పాలా కుక్కే. బరువులు మోసే పనికే తగినదని అతడు ఇంటివద్ద వదలిపెట్టిన కుక్క. తన టోగోకు దక్కవలసిన కీర్తి దానికి పోయిందని సెప్పాలా తుదివరకు బాధపడ్డాడు. ఆ బాధ న్యాయమైనదే. కాని బాల్టోను తక్కువచేయడం న్యాయం కాదు. ఆ చివరి రాత్రి అది కూడ తుపానులోనే దారి వెదికి పోయింది. టోగోను పనికిరానిదని ఇతరులకు ఇచ్చివేసిన అంచనాయే బాల్టో విషయంలోనూ తప్పిందని సెప్పాలా ఒప్పుకొని ఉంటే ఇంకా బాగుండేది. మహాప్రస్థానంలో హిమాలయమార్గాన ధర్మరాజు వెంట తుదిదాక నడిచిన శునకానికి పేరైనా లేదు, దానికి అన్యాయం జరిగిందని వగచినవారూ లేరు. కీర్తి గొడవ మనుషులది.

1926లో సెప్పాలా టోగోనూ మరి నలభై కుక్కలనూ వెంటబెట్టుకొని అమెరికా అంతటా పర్యటించాడు. న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అముండ్‌సెన్ స్వయంగా టోగోకు బంగారు పతకం బహూకరించాడు. ఒకనాడు ఏ ధ్రువాన్వేషకునికోసమై ఆ జాతి కుక్కలు సముద్రం దాటి వచ్చాయో అతని చేతనే! పిమ్మట మెయిన్ రాష్ట్రంలోని పోలండ్ స్ప్రింగ్‌లో ఎలిజబెత్ రికర్‌తో కలిసి సెప్పాలా ఒక శునకశాల నెలకొల్పాడు. ఆ సైబీరియా కుక్కల సంతతి అక్కడి నుండే అమెరికాలో వ్యాపించింది. నేడు నగరాలలో ముద్దుగా పెంచుకొంటున్న సైబీరియన్ హస్కీలు పెక్కు ఆ వంశానివే. టోగోను వార్ధక్యంలో మరల అలాస్కా చలిలోకి తీసికొనిపోలేక, రికర్ ఇంట సుఖంగా ఉండేందుకు వదలి వచ్చాడు. కుక్కను విడిచి వచ్చిన ఆ రోజు తనకు మిక్కిలి దుఃఖకరమైనదని అతడు తలచుకొనేవాడు. 1929 డిసెంబరు 5న, పదహారేళ్ళ వయస్సులో, కీళ్ళనొప్పులతో కంటిచూపు తగ్గిన టోగోకు శాశ్వత నిద్ర కల్పించారు. దాని దేహాన్ని భద్రపరచి ఉంచిన రూపం అలాస్కాలోని వసీలా పట్టణంలో ఉంది.

1932లో లేక్ ప్లాసిడ్ శీతకాల ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా నిర్వహించిన కుక్కల బండి పందెంలో, యాభై నాలుగేళ్ళ సెప్పాలా రెండవ స్థానం పొందాడు. నోమ్ విడిచి కొంతకాలం ఫెయిర్‌బ్యాంక్స్ ప్రాంతంలో నివసించి, తరువాత 1946లో భార్యతో కలిసి సియాటిల్ నగరానికి వెళ్ళాడు. జీవితమంతా బంగారు నేలమీద నడిచినా ధనవంతుడు కాలేదు. 1967 జనవరి 28న, ఎనభై తొమ్మిదేళ్ళ వయస్సులో, సియాటిల్‌లో కన్నుమూశాడు. అప్పటికి నలభై రెండేళ్ళ క్రితం, సరిగ్గా ఆ రోజులలోనే అతడు టోగోను ముందు కట్టి నోమ్ నుండి బయలుదేరాడు. కొన్నేళ్ళకు కాన్‌స్టన్స్ కూడ మరణించింది. ఇద్దరి చితాభస్మాన్నీ అలాస్కాలో కుక్కల బండ్లు నడిచే ఇడిటరాడ్ బాటమీద చల్లారు.